గోడ మీది వల

మే 20
వేట నిషేధం. పడవలన్నీ ఇసుక మీదే. మూతబడిన ఐస్ ఫ్యాక్టరీ హాలు మాత్రం నిండా జనం — ఒక మూల కోలాటం, ఒక మూల నాటకం రిహార్సలు, కిటికీ కింద పిల్లల బొమ్మలు. హాలు చూసుకునేది నేనే. తలుపులు తీసి, చాపలు పరిచి, పోయి ఒక పడవకు పేరు రాసి వచ్చాను. అక్షరాలు వంకర పోలేదు.

మే 23
హాలు నడిపే సుధ గారు నెల్లూరు నుంచి వచ్చారు. వేట మొదలయ్యే రోజున హాల్లో ప్రదర్శన అట, ఎవరికి తోచింది వాళ్లు పెట్టాలట. "మీరేం పెడతారు పోలయ్య గారూ?" ఏమీ లేదన్నాను.
సాయంత్రం అన్న వల తెచ్చి గోడకు కట్టాను. పోయిన వాయుగుండంలో పడవ బోల్తా పడితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన వల. అన్న రాలేదు. వదిన కంట పడకూడదని ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంచాను. నడుమ మనిషి దూరేంత చిరుగు. అట్లాగే ఉంచాను.

మే 24
"తాకరాదు" అని అట్ట మీద రాసి కింద పెట్టాను.

మే 28
చూస్తాను. ఊడుస్తాను. ఏమీ అనిపించదు.

జూన్ 2
వదిన వచ్చింది. అన్న పోయాక ఈ గడప తొక్కడం ఇదే. కోలాటం ఆగింది.
"ఇదేంది అబ్బయా, ఇట్టా యాలాడదీసినావు?"
అందరూ చూడ్డానికి అన్నాను.
"గోడకు కడితే చేపలు నడిచొస్తాయా?"
ఆడవాళ్లు నవ్వారు. వదిన నవ్వలేదు. ఆమె తమ్ముడు శీనయ్యకు వల లేదు. ఈ వల సముద్రంలోకి పోతే, పడిన చేపల్లో వల వాటా వదిన ఇంటికి చేరుతుంది. "మీ అన్న ఫోటో పెట్టుకో, దండెయ్యి. వల నాకియ్యి."
నేను చీపురు అందుకున్నాను.

జూన్ 6
పేరు రాసే పనికి పోయి వచ్చేసరికి వదిన నేల మీద కూర్చుని ఉంది. వల కింది సగం ఒళ్లోకి లాక్కుని, సూది ఆడిస్తూ చిరుగు కడుతోంది. కోలాటం వాళ్లు చుట్టూ చేరి దారం అందిస్తున్నారు. "తాకరాదు" అట్ట ఆమె కిందే ఉంది.
"నాకు చదువు రాదు గదా" అంది, తల ఎత్తకుండా.

జూన్ 8
సుధ గారు వచ్చి చూశారు. "ఆ చిరుగే కదండీ చూడాల్సింది…" అని ఆగారు.
పాత వల మాసిపోయింది, కట్టిన దారం నీలం. చిరుగు ఇప్పుడే ఇంకా బాగా కనిపిస్తోంది.
"ఇలాగే ఉంచేద్దాం. మీ వదిన రాజమ్మ గారి పేరు కూడా రాయండి."
వదినకు చెప్పాను. "పేరేం చేసుకోను?"

జూన్ 11
భోజనం చేశాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

జూన్ 13
"గమ్మునుంటే ఎట్టా? అవునో కాదో చెప్పు" — వదిన.
"మీ ఇష్టమే పోలయ్య గారూ" — సుధ గారు, ఫోన్లో.

జూన్ 14
తెల్లవారితే వేట. తెల్లవారితే ప్రదర్శన కూడా.
వదినతో వచ్చిన శీనయ్య నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. "నువ్వే విప్పు బావా, నువ్వు కట్టినావు గదా."
ఎక్కాను. ఎడమ ముడి విప్పాను. వల సగం జారి వదిన భుజం మీద పడింది. ఆమె పట్టుకుంది.
కుడి ముడి మీద చెయ్యి పెట్టాను. తేలిక ముడి… లాగితే వస్తుంది.
లాగకుండానే దిగాను.
శీనయ్య ఏదో అనబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. వల ఒక కొసన వేలాడుతోంది. రెండో కొస ఒళ్లో వేసుకుని ఆమె అక్కడే కూర్చుని ఉంది. నేను ఇంటికి వచ్చాను.