కిటికీవైపు జరిపిన మిషన్

అమ్మకి నమస్కారం.

నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, చెల్లీ కూడా అలాగే ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను. ఫోన్‌లో పోయేదానికి ఇంత పొడుగు ఉత్తరమేంటి దీని మొహం అనుకుంటావు. రెండుసార్లు ఫోన్ చేశాను కదా. తిన్నావా అని నువ్వు, తిన్నానని నేను, అంతే. అసలు మాట చెప్పకుండానే పెట్టేశాను. ఇది మూడో కాగితం. మధ్యలో రెండుసార్లు లేచి, మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెట్టాను.

ముందు పోయిన ఉత్తరంలో నువ్వడిగిన ప్రశ్నల సంగతి చూస్తాను. దగ్గు తగ్గింది. గది తలుపుకి కొత్త గొళ్ళెం వేయించారు. షాపులో పని మామూలే, అద్దెకెళ్ళొచ్చిన కెమెరాలు తుడవడం, లెన్సు మీద వేలిముద్ర కనిపిస్తే ఓనరు చేత చివాట్లు తినడం. సినిమా కెమెరా పని ఎవరు నేర్పుతారే, దానికి పుస్తకాలుంటాయా అని అడిగావు.

ఉంటాయమ్మా. లైబ్రరీలో ఒకటుంది. అందులో కెమెరాలోకి ఎంత వెలుతురు రానివ్వాలో చెప్పే పాఠమే ముఖ్యం, సరిగ్గా ఆ పేజీలే ఎవరో మహానుభావుడు చింపుకుపోయాడు. ఫోన్‌లో ఊరికే దొరికే వీడియోలు చూసి ఆ పాఠం పూర్తిచేశాను. ఒకడు ఔనన్నది ఇంకొకడు కాదంటాడు. ఇద్దరు చెప్పినట్టూ తీసి చూసుకుంటే తప్ప తేలదు. వీళ్ళందరికంటే మా షాపుకొచ్చే ముసలి కెమెరామన్ నయం. ఎక్కడికెళ్ళినా ముందు నీడలు లెక్కపెడతారని అందరూ ఆయన్ని నీడల మాస్టారంటారు. ఆయన చెప్పాకే సినిమాలు సౌండ్ తీసేసి చూస్తున్నాను, వెలుతురు ఎటునుంచి పడుతోందో నోట్‌బుక్‌లో గీసుకుంటూ. ఒక కోడిగుడ్డుని ఒక్క లైటుతో వారం రోజులు ఫోటోలు తియ్యమన్నారు. నాలుగోరోజు ఆకలేసి తినేసి ఇంకోటి పెట్టాను. ఫోటో చూసి పట్టేశారు, ఇది ఆ గుడ్డు కాదని.

మొహానికి వెలుతురు పక్కనుంచి పడాలంటారాయన. ఎదురుగా పడితే అది గుర్తింపు కార్డు ఫోటో అట. ఆ మాట నా బుర్రలో ఉండగానే కెమెరా స్కూలు దరఖాస్తు చేతికొచ్చింది. ఒకే మనిషి, ఒకే కిటికీ, పది ఫోటోలు పంపాలన్నారు. క్రితంసారి నేను ఇంటికొచ్చింది అప్పుడే.

ఆ ఉత్తరంలోనే రాశావు, నేను కుట్టుమిషన్ని కిటికీ పక్కకి జరిపినప్పట్నుంచీ నీకు సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కుతోందని, "మా పెద్దదానికి నా కళ్ళ మీద ఎంత ధ్యాసో" అని కుట్టించుకోడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నావని. అది చదివి నేను కూర్చోలేకపోయాను.

అమ్మా, మిషన్ జరిపింది నీ కళ్ళ కోసం కాదు. నీ ఎడమ చెంప కోసం.

నూనె చిందిన మచ్చ కనపడకుండా ఆ చెంపని ఎప్పుడూ గోడవైపే పెట్టుకుంటావు. మన ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ అది లేదు. అడిగితే వద్దంటావని తెలిసే, కళ్ళ వంక చెప్పి మిషన్ తిప్పాను. షాపు కెమెరా పనిచేస్తుందో లేదో చూస్తున్నానని అబద్ధమాడి, గుమ్మంలో కూర్చుని రెండురోజులు తీశాను. నువ్వేమో పాపం, వెలుతురికి అడ్డొస్తున్నానా అని నన్నడిగావు.

అవి నచ్చాయట, సీటిచ్చారు. మొదటిరోజు వాటిని తలుపులంత పెద్దవి చేసి హాల్లో పెడతారు. అందుకు ఫోటోలోని మనిషి సంతకం కావాలి. మీరే పెట్టేయండి, ఎవరు చూడొచ్చారు అన్నాడు ఆఫీసు గుమాస్తా. పెన్ను తీసి నీ పేరులో మొదటి అక్షరం రాశాను కూడా. అక్కడితో ఆపేశాను. ఫోటోలు తీసుకెళ్ళి మాస్టారికి చూపించాను.

"ఆవిడకి తెలుసా?" అన్నారు.

"తెలీదండీ."

"అయితే ఇవి ఇంకా నీవి కావు."

అంతే, టీ తాగి వెళ్ళిపోయారు.

కొత్త కాగితం అడిగి తెచ్చాను. పది ఫోటోలూ, ఆ కాగితమూ ఇందులో పెడుతున్నాను. ఇరవయ్యో తారీకులోపు సంతకం రాకపోతే సీటు వెనకవాళ్ళకి పోతుంది. పోతే పోనీ అని రాద్దామనుకున్నాను, రాయలేను. ఆ సీటు నాకు కావాలమ్మా. వారం నుంచీ అన్నం సయించట్లేదు. కానీ నీ సంతకం నువ్వు పెట్టాల్సిందే.

ఒక్కటి చూడు, పళ్ళతో దారం తెంపుతున్నది. చిన్నప్పుడు ఆ మచ్చ మీద చెయ్యేసుకునే నిద్రపోయేదాన్ని. నువ్వు దాస్తావు గానీ, అది దాచాల్సిందని నాకెప్పుడూ అనిపించలేదు. అలాగని నిన్నడగకుండా పదిమందికీ చూపించే హక్కు నాకు లేదు. తప్పు చేశాను.

కోపమొస్తే అన్నీ చింపెయ్. ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా పడతాను. మిషన్ని మాత్రం మళ్ళీ గోడవైపు తిప్పకు. దారం ఒక్కసారికే ఎక్కుతోందన్నావు కదమ్మా.

ఇట్లు,
నీ కళ్ళ వంక పెట్టుకున్న
నీ పెద్దది