థార్న్‌హోల్ట్ బురుజు ఎక్కిన సంగతి

జిల్లా ప్రాచీన కట్టడాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
కోర్‌విక్ పట్టణము, బజారు చౌరస్తాలో చీజ్ అంగడి నడుపుకొను ఆల్బన్ ప్రిచెట్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: థార్న్‌హోల్ట్ కోటలోనికి నన్నూ నా కుమార్తెనూ ఏడాదిపాటు రానీయరాదని జారీ అయిన ఉత్తర్వును రద్దుపరచుట గురించి, అదే సందర్భములో పని నుంచి తప్పించిన కోట కాపలా ఉద్యోగి గార్త్‌వెయిట్ గారిని మరల పనిలోనికి తీసుకొనుట గురించి.

తమరి ఉత్తర్వు అందినది. అందులో మమ్ము "సందర్శకుల భద్రతకు భంగము కలిగించిన వ్యక్తులు" అని పేర్కొనియున్నారు. అసలు జరిగినదేమిటో తమరికి ఎవరూ చెప్పియుండరని తలచి, మొదటినుంచి క్రమముగా విన్నవించుకొనుచున్నాను.

నా కుమార్తె పేరు టామ్‌సిన్. వయసు ఇరవై ఆరు. నడుముకు తాళ్ళు బిగించుకుని పెద్ద పెద్ద చెట్లెక్కి, ఎండిన కొమ్మలు కోసి దించడం ఆమె పని. చౌరస్తాలో మున్సిపల్ హాలు ఎదురుగా ఉన్న చెట్లన్నీ ఆమె చేతులమీదుగా చక్కబడ్డవే. మూడేళ్ళ క్రితం ఒక ఓక్ చెట్టు కొమ్మ ఆమెతోపాటే విరిగి కిందపడింది. అప్పటినుంచి నడుము కింద స్పర్శ లేదు. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. తిరుగుతుంది అని రాశానే గాని, తిరిగింది లేదు. ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. కిటికీ తెర తీస్తే, "నాన్నా, మూసెయ్. చెట్లు కనిపిస్తున్నాయి" అనేది. వాళ్ళమ్మ అంతకు ముందే పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

ఈ వసంతంలో తమ కార్యాలయం వారు ఇంటింటికీ ఒక కరపత్రం పంచారు. "కోర్‌విక్ చుట్టూ కోటలు, శిథిలాలు: అందరికీ స్వాగతం" అని పైన పెద్ద అక్షరాలు. ప్రతి కోట పేరు పక్కనా చక్రాల కుర్చీ బొమ్మ. నేను దాన్ని బల్లమీద పడేసి అంగడికి పోయాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి టామ్‌సిన్ దాన్ని చదువుతోంది.

"నాన్నా, ఆదివారం నీకేమైనా పనుందా?" అంది.

పనుంది. లేదన్నాను.

అయ్యా, ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ళు ఎదురుచూశానో తమరికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. కానీ కరపత్రం అచ్చువేసింది తమరు. కనుక దిగువ ఫిర్యాదులు తమరికే చెందును.

1. బ్రాకెన్‌హే కోట. మేము వెళ్ళినప్పుడు చక్రాల కుర్చీల వారికి కేటాయించిన పార్కింగు జాగాలో సున్నం బస్తాలు పేర్చియున్నవి. దూరంగా కారు ఆపుకుని వచ్చాం. గేటు నుంచి కోట దాకా కొత్తగా కంకర పోసియున్నారు. కుర్చీ చక్రాలు సగానికి దిగబడిపోయినవి. నేను వెనకనుంచి తోయగా తోయగా చక్రం మరింత పాతుకున్నదే తప్ప కదలలేదు. టిక్కెట్లిచ్చే కుర్రది వచ్చి, "ఇది చరిత్ర ప్రకారం పోసిన దారండీ. పాతకాలంలో అచ్చం ఇలాగే ఉండేది" అన్నది.

టామ్‌సిన్ ఆమె మొహంలోకి చూసి, "పాతకాలంలో నాలాంటి వాళ్ళని పల్లకీలో మోసుకెళ్ళడానికి నలుగురు మనుషులుండేవాళ్ళు. వాళ్ళని కూడా పెట్టారా?" అంది.

ఆ పిల్ల టిక్కెట్ల కట్ట సర్దుకుంటూ వెనక్కి పోయింది. గేటు దగ్గరే కోట బయటి గోడ చూసి వెనుదిరిగాం. కారులో నా కూతురు నవ్వింది. "ఆ పిల్ల మొహం చూశావా నాన్నా?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. అందుకే మీ కంకర మీద నాకప్పుడు కోపం రాలేదు. తరువాత వచ్చింది.

2. వాల్డెన్ మఠపు శిథిలాలు. ఇక్కడ గొర్రెలు లోపలికి పోకుండా, మనిషి మాత్రం పక్కకి తిరిగి దూరేటట్టు ఒక ఊగుడు గేటు పెట్టియున్నారు. కుర్చీ అందులోంచి పోదు. కుర్చీల వారికి వేరే పెద్ద గేటు కలదు. దానికి తాళము కలదు. తాళంచెవి ఎదురుగా ఉన్న టీకొట్టులో అడగవలెనని బోర్డు కలదు. టీకొట్టావిడ, "చెవి నా దగ్గరెందుకుంటుందండీ, బ్రాకెన్‌హేలో కాపలాదారు తీసుకుపోయాడు. అక్కడి గేటు చెవి పోయిందట, ఇది సరిపోతుందేమో చూస్తానన్నాడు" అన్నది.

మేము గేటు బయట నిలబడి ఉండగానే, కంచెలో పడిన పెద్ద కంతలోంచి ఒక గొర్రె దర్జాగా లోపలికి పోయి, మఠంలో బలిపీఠం ఉండాల్సిన చోట గడ్డి మేయసాగింది. దాని వెనక ఇంకో రెండు.

"నాన్నా, గొర్రెగా పుట్టి ఉంటే బావుండేది" అంది టామ్‌సిన్. ఈసారి నవ్వలేదు.

దీనిపై తమ కార్యాలయానికి ఉత్తరం రాశాను. "మీ విలువైన సూచన నమోదు చేసుకొనబడినది" అని జవాబు వచ్చింది. అయ్యా, నేను సూచన చేయలేదు. గొర్రెల సంగతి చెప్పాను.

ఆ తరువాత కొన్ని నెలలు ఆమె ఎక్కడికీ రానంది. తెర మళ్ళీ మూసింది. నేను బతిమాలాను. చివరికి నా బాధ పడలేక, "సరే, ఆఖరుసారి. అక్కడా ఇదే తంతైతే ఇంకెప్పుడూ నన్ను అడగకు" అంది.

3. థార్న్‌హోల్ట్ కోట. ఇంకా ఏ తంటా రాకూడదని ముందే ఫోను చేశాను. "చక్రాల కుర్చీకి పూర్తి ప్రవేశం ఉంది సార్" అని చెప్పినది తమ కార్యాలయమే. అక్టోబరు నెల, పొద్దున వాన పడి ఆగింది. వెళ్ళి చూస్తే పూర్తి ప్రవేశం అన్నది కప్పులూ బొమ్మలూ అమ్మే కొట్టులోనికి. దాని పక్కన ఒక గది. గదిలో ఒక తెర. బురుజు మీదనుంచి కనిపించే దృశ్యాన్ని ఆ తెరమీద వేసి చూపిస్తారట. గార్త్‌వెయిట్ గారు మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టారు. ఆయనకి దగ్గరదగ్గర అరవై ఉంటాయి, ఇస్త్రీ చెదరని యూనిఫారం. "ఇక్కడినుంచే అంతా చూసేయొచ్చండీ. చలి లేదు, గాలి లేదు" అన్నారు మర్యాదగానే.

టామ్‌సిన్ తెరమీది దృశ్యం మొత్తం కదలకుండా చూసింది. అయిపోయాక అడిగింది: "ఇది ఎప్పుడు తీశారు సార్?"

"జూలైలోనమ్మా."

"నాకు ఇవాళ్టిది కావాలి."

గార్త్‌వెయిట్ గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆమె కుర్చీ తిప్పుకుని బురుజు ద్వారం దాకా పోయింది, బ్రేకు వేసింది, కిందికి జారి మొదటి మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుంది. రెండు చేతులూ పై మెట్టుమీద మోపి ఒళ్ళంతా ఒక్క ఊపున లేపింది. ఒక మెట్టు పైకి పోయింది. మళ్ళీ ఇంకొకటి.

"అమ్మా, అమ్మా! రూలు ఒప్పుకోదు! ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అని గార్త్‌వెయిట్ గారు పరిగెత్తుకొచ్చారు.

"నేనే చెప్తాను సార్. కింద పడ్డం నాకు కొత్తేం కాదు" అంది.

నేను ఆమె కాళ్ళు పట్టుకుని వెనకే ఎక్కాను. ఆపలేదు. ఆపి ఉండాల్సిందని తమ ఉత్తర్వులో రాశారు. తమరు అక్కడ ఉండి ఆమె చేతులు చూసి ఉంటే ఆ మాట రాసేవారు కారు. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి, ఇరుకు, చెమ్మ. గోడకు తాడొకటి వేలాడుతున్నది. ఒక చేత్తో ఆ తాడు, ఒక చేత్తో మెట్టు. జీన్సు చిరిగింది. అరచేతులు చెక్కుకుపోయాయి. నడిమధ్యలో ఆగిపోయి గోడకి తల ఆనించింది. ఊపిరి అందడం లేదు.

"దిగిపోదాం తల్లీ. నా మాట విను" అన్నాను.

"దిగడానికైనా ఇంతే కష్టం నాన్నా. అలాంటప్పుడు ఎక్కుదాం."

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక ముసలావిడ దిగుతూ ఎదురైంది. ఊదారంగు వానకోటు, చేతిలో కర్ర. ఇద్దరు పట్టే చోటు కాదు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులని చూడగానే తెలుస్తోంది.

"మన్నించండి మామ్మగారూ, దారికి అడ్డంగా కూర్చున్నాను" అంది టామ్‌సిన్.

"కూర్చున్నావా, ఎక్కుతున్నావా?"

"ఎక్కుతున్నాను."

"అయితే నేనే వెనక్కి ఎక్కుతాను. నువ్వు కానియ్యమ్మా, తొందరేం లేదు, బస్సు ఎలాగూ పోయింది" అని ఆవిడ తిరిగి, దిగినన్ని మెట్లూ మళ్ళీ ఎక్కింది. కర్ర మెట్లమీద కొట్టుకుంటూ మాకంటే ముందు పోతుంటే, ఆ చప్పుడు వెంబడే మేం పోయాం.

పైకి చేరుకున్నాం అయ్యా. చేరుకుంటే ఏముంది?

పిట్టగోడ నా ఛాతీ ఎత్తు ఉంది. టామ్‌సిన్ నేలమీద కూర్చుని ఉంది. ఆమెకు కనిపించేది తడి రాళ్ళు, పైన ఆకాశం, అంతే. కాసేపు ఆ గోడకేసి చూస్తూ ఉండిపోయింది. అంతదూరం వచ్చాక ఒక గోడ. నేను ఆమె చంకల కింద చేతులు వేసి లేపబోయాను. నాది అరవై నాలుగేళ్ళ నడుము, పైగా పొద్దుటనుంచి తోసి తోసి ఉన్నది. సగం లేపి కూలబడ్డాను. ముసలావిడ కర్ర పక్కన పెట్టి ముందుకొచ్చింది గాని ఆవిడకే ఒకరు పట్టు ఇవ్వాలి.

"వదిలెయ్ నాన్నా" అంది టామ్‌సిన్. ఆ గొంతు నాకు తెలుసు. కిటికీ తెర ముయ్యమనేటప్పటి గొంతు.

అప్పుడు గార్త్‌వెయిట్ గారు పైకి వచ్చారు. ఆయాసంతో మాట రావడం లేదు, మొహం ఎర్రబడిపోయింది. రూలు పుస్తకంలోంచి ఏదో చదువుతారనుకుని నేను, "అయ్యా, తిట్టేది తరువాత తిట్టండి. ముందు ఆ చెయ్యి పట్టుకోండి" అని అరిచాను.

 ఆయన టోపీ తీసి నేలమీద పెట్టి, "ఎటువైపు పట్టుకోనమ్మా?" అని నన్ను కాదు, ఆమెను అడిగారు.

"నడుము చుట్టూ సార్. గట్టిగానే పట్టుకోండి, నొప్పి తెలియదు."

మా ఇద్దరి మధ్య నా కూతురు నిలబడింది. మూడేళ్ళ తరువాత ఆమె తల నా భుజం కంటే పైకి వచ్చింది. నాకంటే పొడుగన్న సంగతి నేను మరిచిపోయాను. గాలికి ఆమె జుట్టు నా మొహమ్మీద కొడుతోంది. కింద నది, వంతెన, చర్చి గోపురం, చౌరస్తాలో చెట్లు, అవతల గట్టున ఆమె పనిచేసిన అడవి అంతా రాగిరంగులో.

"చౌరస్తాలో ఆ మూల చెట్టుకి చీడ పట్టింది" అంది చాలాసేపటికి. "ఎవరైనా చూడాలి."

 గార్త్‌వెయిట్ గారు పట్టు వదల్లేదు. చాలు అని ఆమె చెప్పేదాకా పట్టుకునే ఉన్నారు. దిగేటప్పుడు కూడా ఆయన ముందు, నేను వెనక.

4. దీనిని ఫిర్యాదుగా రాయవలెనో మనవిగా రాయవలెనో తెలియక నంబరు మాత్రం వేసితిని. కింద పచ్చికలో ఉన్న ఎవరో బురుజు మీద మా ముగ్గురినీ ఫోటో తీశారు. అది ఊరి వారపత్రికలో పడినది. తమరు చూసినది ఆ ఫోటో. చూసి మాకు నిషేధమూ, గార్త్‌వెయిట్ గారికి "నిబంధనకు విరుద్ధముగా సందర్శకురాలిని తాకి, ప్రమాదకర చర్యకు సహకరించినందుకు" పని నుంచి తొలగింపూ పంపినారు. ఆయన ఆ కోటలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నారు. రూలు తప్పింది బహుశా ఆ ఒక్కరోజే. చౌరస్తాలో కనబడితే ఆయన మొహం చూడలేక నేను పక్కకి తప్పుకున్నాను. ఆయనే పిలిచి, "మీ అమ్మాయి చేతులు మానాయా?" అని అడిగారు.

కంకర పోసినవారిని తమరు తొలగించలేదు. తాళంచెవి పట్టుకుపోయినవారిని తొలగించలేదు. కుర్చీ బొమ్మలు అచ్చువేసినవారిని తొలగించలేదు. నా బిడ్డ గోడ అవతల ఏముందో చూడాలంటే ఎత్తి పట్టుకున్న మనిషిని తొలగించినారు. ఇది ఏ నిబంధన ప్రకారమో దయచేసి తెలియపరచగలరు. మా మీద నిషేధం ఉంచుకుంటే ఉంచుకోండి. ఆయన్ని మాత్రం పనిలోకి తీసుకోండి. కూర్చున్నవాళ్ళకి కూడా అవతలివైపు కనిపించేటట్టు ఆ పైన ఒక చిన్న దిమ్మె కట్టించండి. నేను కోరేది ఇంతే.

మర్యాద తప్పిన చోట్ల తండ్రి మాటగా మన్నించి, మిగిలినదంతా తమరు ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ ఉత్తరం పూర్తయ్యేవరకు మాత్రమే,
ఆల్బన్ ప్రిచెట్

తా.క.: నాన్న నీళ్ళు తాగడానికి లేచినప్పుడు ఇదంతా చదివేశాను. నేను టామ్‌సిన్‌ని. నాన్న చాలా మర్యాదగా రాశారు, నాకు నచ్చలేదు. వచ్చే ఆదివారం మేం మళ్ళీ థార్న్‌హోల్ట్‌కి వస్తున్నాం. నిషేధం ఉందని తెలుసు. గార్త్‌వెయిట్ సార్ మామూలు మనిషిలా టిక్కెట్టు కొనుక్కుని వస్తానన్నారు. ఊదా వానకోటు మామ్మగారు కూడా వస్తున్నారు, ఈసారి ముందు బస్సుకే. మీకు వీలైతే మీరూ రండి. నాన్నకి నడుము పట్టేసింది, కాళ్ళ దగ్గర పట్టుకోవడానికి ఒక మనిషి తక్కువయ్యాడు.