గుండిగ ఉంది, గరిటె లేదు

శుక్రవారం రాత్రి, అల్ వక్రాలో అమ్మాయి వాళ్లిల్లు

భోజనాలయ్యాక అల్లుడు టీవీలో జలసంధి కాపలాకు వచ్చిన యుద్ధనౌకను చూపించి, "ఎంతుందో చూశారా అత్తయ్యగారూ, మన స్టేడియం అంత" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అబ్బాయి మురళి పనిచేసే గ్యాస్ ఓడ, నీళ్లలో పేలుడు మైన్లు పెట్టారని జలసంధి అవతలే ఆగిపోయి ఉంది.

"ఆ నౌక మైన్లు ఏరుతుందా బాబూ?" అని అడిగాను.

"దాని పని అది కాదండీ. వాటికి చిన్న పడవలుంటాయి."

"మరి అవేవి?"

"పాతబడ్డాయని తీసేశారట. కొత్తవి ఇంకా కట్టలేదు."

పెళ్లికి గుండిగలు మోసుకొచ్చి గరిటెలు మరిచిపోయిన వంటవాణ్ణి నేనైతే మళ్లీ గడప తొక్కనివ్వను. వీళ్లేమో సముద్రాన్ని కాపాడతారట. కొట్టడానికి అంత నౌక కట్టినవాళ్లకు, దారి శుభ్రం చేసే పడవలూ, సరుకు ఓడలకు తోడు వెళ్లే నౌకలూ కావాలని తెలియదా? బడిలో చరిత్ర చెప్పినన్నాళ్లూ పెద్ద ఆయుధాలొక్కటే చాలవని పిల్లలకు చెబుతూనే వచ్చాను.

ఇందాక మురళి ఫోన్ చేశాడు. తోడు ఎవరూ రారట. అయినా రేపు కదలమని కంపెనీ చెప్పిందట.

"భయపడకమ్మా, ఆ పెద్ద నౌక మాకు కనిపిస్తూనే ఉంది" అన్నాడు.

కనిపిస్తుంది, అంత పెద్దది. అంతకు మించి దానివల్ల వాడికి అయ్యేదేమీ లేదు.