గుర్రం చావు దగ్గర నవ్వు

జూలై 9, బుధవారం

పూజ్యురాలైన అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, నా దవడ పన్ను తప్ప. నువ్వూ బావగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. కుట్టుపని ఎక్కువై నీ మెడనొప్పి ముదిరిందని విన్నాను. కాస్త ఒళ్లు చూసుకో.

నా సంగతి ఏముంది! పొద్దున్నుంచి సాయంత్రం దాకా డబ్బింగ్ గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదురుగా ఎవరివో పెదాలు. మొన్న సబ్బు ప్రకటనకి చంటిపిల్లలా ఇరవై రెండుసార్లు నవ్వించారు, నలభై ఆరేళ్ల మనిషిని! ఇంటికొచ్చి కూలబడితే చెప్పులు విప్పుకునే ఓపిక కూడా ఉండటం లేదు.

నిన్న పళ్ల డాక్టరు దగ్గర కూర్చుంటే టీవీలో మనిద్దరం గొంతులిచ్చిన సినిమా వేశారు. అదే, కౌబాయ్ సినిమాలని వెక్కిరిస్తూ తీసినది. విసుక్కోకు, చదువు. హీరో తుపాకీ తియ్యగానే ప్యాంటు జారిపోతుంది, విలన్ మీసం ఊడి సూపులో పడుతుంది, షెరీఫ్ గుర్రం ఎక్కబోయి అవతలివైపు పడతాడు. ఎంత తలాతోకా లేని సినిమా! అయినా బుగ్గలు వాచిన ఎనిమిదిమందీ నవ్వుతున్నారు. ఒకావిడ అమ్మో నొప్పి అంటూనే దవడ పట్టుకుని నవ్వింది. రోజంతా చాకిరీ చేసి వచ్చినవాళ్లకి బుర్ర పెట్టక్కర్లేని సినిమా కావాలేమో. నాకూ హాయిగానే ఉంది.

ఇంతలో గుర్రం చచ్చిపోయే సీను వచ్చింది. గుర్రం గొంతు నాది, దాని మీద పడి ఏడ్చే హీరోయిన్ గొంతు నీది. ఏడుస్తూ ఏడుస్తూ నువ్వు ఫక్కున నవ్వేశావు చూడు, అక్కడ గదంతా పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పన్నునొప్పి అనుకుని పక్కావిడ మంచినీళ్లిచ్చింది. ఆ నవ్వు వల్లే కదా, ఏడవడం రాదని నీకు ముద్ర పడింది. తరవాత పిలిచినవాళ్లంతా వెకిలి నవ్వులకే పిలిచారు. చివరికి మైకు వదిలేసి కుట్టుమిషను ముందు కూర్చున్నావు. మళ్లీ చేయించకుండా ఆ టేకే ఉంచేశాడని ఆ సౌండ్ ఇంజనీరు మొహం కూడా చూడలేదు నువ్వు. ఇరవై ఏళ్లయినా తిడుతూనే ఉన్నావు.

అసలు విషయానికొస్తాను. కంపెనీవాళ్లు ఆ సినిమాకి మాటలన్నీ కొత్తగా రికార్డు చేస్తారట. ముందు మనిద్దరినే అడుగుతున్నారు. నువ్వు రానంటే ఎవరో కొత్తమ్మాయిని పెడతారట. రా అక్కా. ఈసారి నీ తనివితీరా ఏడ్చుకో. నెలాఖరులోగా ఒక్క ముక్క రాయి.

బావగారికి నమస్కారాలు చెప్పు.

నీ చెల్లెలు

మరొక మాట: కవరు అంటించి, మళ్లీ చింపాను. ఇంజనీరు తప్పేమీ లేదు. రికార్డింగు మర్నాడు పొద్దున్నే ఆయన మనింటికి ఫోన్ చేశాడు, అక్కని పంపమ్మా, ఆ ఏడుపొక్కటీ మళ్లీ తీసుకుందాం అని. ఎత్తింది నేను. నీకు జ్వరమనీ, ఉన్నదే ఉంచేయమనీ చెప్పాను. రిహార్సల్లో అందరూ నీ ఏడుపునే మెచ్చుకున్నారు, నా గుర్రాన్ని ఒక్కరూ పట్టించుకోలేదన్న కుళ్లు. ఆరోజు నీకు జ్వరం లేదు. ఆయన మళ్లీ పిలుస్తాడన్న ఆశతో, పక్కగదిలో తలుపేసుకుని ఆ ఏడుపే సాధన చేస్తున్నావు.