తమ్ముడి తల మీద పడిన దెబ్బ

ఆదివారం, రాత్రి

నాటకం మనసులోని కోపాన్ని కడిగేస్తుందని ఒక గ్రీకు తత్వవేత్త అన్నాడు. ఆయన గురువు మాత్రం అది కోపాన్ని పెంచుతుందని భయపడ్డాడు. కంటోన్మెంట్ కాలేజీలో ఏటా ఈ పాఠం చెబుతాను.

ఈ మధ్యాహ్నం తెక్కలకోట ఊళ్ళో ఆడిన బయలాట అనే వీధినాటకంలో మా తమ్ముడిది దుష్టరాజు వేషం. వాడు రాణిని జుట్టు పట్టి ఈడుస్తుంటే ముందు వరసలోంచి ఈరమ్మ లేచింది. రోజూ మొగుడి చేతిలో దెబ్బలు తినే మనిషి. వేదిక పక్కనున్న దుడ్డుకర్ర అందుకుని తమ్ముడి తల మీద బాదింది. వాడు కూలిపోయినా ఆపలేదు. కిరీటం చితికిపోయి, నెత్తురు కళ్ళలోకి కారింది. నలుగురు పట్టుకుంటే గానీ ఆమె ఆగలేదు.

నేను పోలీసులకు ఫోన్ చేయబోతే తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దన్నా. ఆయమ్మ కొట్టింది నన్ను కాదు."

అప్పుడే ఆమె మొగుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఇంటికి రాయే, నీ కత యేందో చూస్తా," అని పళ్ళు కొరికాడు. ఆమె కర్ర కింద పడేయకుండా అతని వెనకే నడిచింది.

తలకు కుట్లు పడి తమ్ముడు నిద్రపోతున్నాడు. నాకే నిద్ర రావడం లేదు. ఆమె కోపం వేదిక మీదే తీరిపోయిందా, అక్కడే మొదలైందా? ఆ ఇంటి తలుపు వెనక ఈపాటికి ఎవరి నెత్తురు...