చొక్కా వడ్డీ

ప్రియమైన దువ్వెనకు,

నేను బాగున్నాను. మోకాళ్ళు బాగా లేవు. నీవెలా ఉన్నాయి?

మూడు వందలు మనియార్డరు చేశాను. అందగానే చిన్న కాగితం రాసి పంపు. "అసలు ముట్టింది, వడ్డీ ముట్టింది, ఇక బాకీ లేదు" అని రాసి కింద సంతకం పెట్టు.

షాపు మా అమ్మాయికి అప్పగిస్తున్నాను. బాకీ ఉన్న మిషను పిల్ల చేతికి ఎలా ఇస్తాను? అందుకే ఈ ఏడు చొక్కా పంపలేదు. అసలే తీరుతుంటే వడ్డీ ఎందుకని.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నీ గోడపక్క షాపువాడు,
సూది

*

ప్రియమైన సూదికి,

ఉత్తరం రాయమంటే నువ్వు గుండీలు కుట్టినట్టు రాస్తావు. ఇక్కడొక మాట, అక్కడొక మాట.

నీ మనియార్డరు వెనక్కి పంపేశాను. "డబ్బు వద్దనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను తాతా" అన్నాడు పోస్టుమాన్. "అయితే నన్ను బాగా చూసుకో" అన్నాను. భయపడి సైకిలెక్కాడు.

నువ్వు మరిచిపోయావేమో, సెలూను మూసేసి కొడుకు దగ్గరికి ఈ ఊరొచ్చినా నేను మరిచిపోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట కుట్టుమిషను కొనడానికి నీకు మూడు వందలు తక్కువైతే నేను తెచ్చి ఇచ్చాను. నువ్వు షట్టరు సగం దించి, దొంగసొత్తు అందుకున్నట్టు అందుకున్నావు. "వడ్డీ ఎంత?" అన్నావు. "నీ మొహం, మన మధ్య వడ్డీ ఏంట్రా" అన్నాను. అంతే, మర్నాటి నుంచి నా సెలూనుకి రావడం మానేశావు. పక్క షాపులోనే ఉంటూ గడ్డం పెంచుకుని ఎలుగుబంటిలా తిరిగావు. నా గిరాకీలందరూ "ఏం, ఆయనకి నువ్వు గియ్యవా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆఖరికి నేనే వచ్చి, "సరే, ఏడాదికో చొక్కా కుట్టిచ్చెయ్, ఆ బొచ్చు తియ్యనియ్" అన్నాను. అది వడ్డీ ఎలా అవుతుంది? నిన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికి నేను వేసిన ఎత్తు.

మా నాన్న సంగతి నీకు తెలుసు. మా వీధిలో వడ్డీలకి తిప్పే ఒకాయనకి గడ్డం గీసేవాడు గానీ, ఆ కత్తి వేరే డబ్బాలో పెట్టేవాడు. "వడ్డీ తిన్న మొహానికి తగిలింది ఇంకో మొహానికి తగలకూడదు" అనేవాడు. అలాంటి వాడి కొడుకుని, "వడ్డీ ముట్టింది" అని రాసి సంతకం పెట్టమంటావా? నా చెయ్యి రాదు.

కాబట్టి కాగితం లేదు. చొక్కా మాత్రం వెంటనే పంపు. మనవరాలికి కాలేజీలో బహుమతి ఇస్తున్నారు. తాతయ్య ముందు వరుసలో కూర్చోవాలని పట్టుబట్టింది. నీ చొక్కా తప్ప నా ఒంటికి ఇంకొకటి పడదు.

కోపంతోనే,
దువ్వెన

*

ప్రియమైన దువ్వెనకు,

నీ ఉత్తరం అమ్మాయి చదివింది. నేను ఇవ్వలేదు. లాక్కుంది.

"నాన్నా, ఇప్పుడు మన దగ్గర చొక్కా ఎంత?" అంది.

"బట్టతో కలిపి తొమ్మిది వందలు."

"అసలెంత?"

"మూడు వందలు."

"అంటే ఏడాదికి అసలుకి మూడింతలు వడ్డీ కడుతున్నావా? ఇది తెలిస్తే బ్యాంకు వాళ్ళు ఆయన్ని మేనేజరుగా పెట్టుకుంటారు" అంది.

"బాబాయ్ వడ్డీ తీసుకోలేదని రాశాడుగా" అన్నాను.

"తీసుకోకపోతే ఇన్నేళ్ళూ ఒంటికేం చుట్టుకున్నాడో అడుగు" అంది. అందుకని అడుగుతున్నాను.

కాగితం కావాలన్నది ఊరికే కాదు. మొదటి ఉత్తరంలో రాయడానికి సిగ్గేసింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని అమ్మాయికి వస్తోంది. కరెంటు మిషన్లు రెండు కావాలి. బ్యాంకు అప్పిస్తానంది. నెలాఖరులోగా మిషన్లు చూపించకపోతే ఆ పని పెద్దబజారు షాపుకి పోతుంది.

బ్యాంకు కుర్రాడు తనే షాపుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ళ. అప్పు మాటలు కదా అని నేను అలవాటుగా షట్టరు దించబోయాను. "అయ్యో, ఎత్తండి తాతగారూ, ఫోటోకి వెలుతురు కావాలి" అన్నాడు. అప్పు తీసుకుంటుంటే ఫోటో తీస్తారట. బ్యాంకు గోడకి పెడతారట. వాళ్ళ వడ్డీ ఎంతో చెప్పే పెద్ద అక్షరాల బోర్డు కూడా బ్యాంకు ముందు ఉంది, పక్కనే మొగుడూ పెళ్ళాం నవ్వుతున్న బొమ్మ. వాళ్ళకి నవ్వెందుకొస్తోందో నాకు అర్థం కాలేదు.

అన్నీ అయ్యాక కుర్రాడు అడిగాడు, "షాపు మీద ఇంకేమైనా అప్పులున్నాయా?" అని. అమ్మాయి "లేవు" అంది. నేను "ఉంది" అన్నాను. రోజంతా నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. అమ్మాయి తొడపాశం పెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. కుర్రాడు రాసేసుకున్నాడు. ఇచ్చినాయన దగ్గర నుంచి బాకీ లేదన్న కాగితం తెమ్మన్నాడు. అప్పటిదాకా ఫైలు కదలదట.

మూడు వందలు మళ్ళీ పంపాను. పిల్ల బతుకు నీ సంతకం మీద ఉంది.

సూది

*

ప్రియమైన సూదికి,

అయ్యో, ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా! పిల్ల కోసమైతే ప్రాణమైనా ఇస్తాను. ఆ పిల్ల తల మొదటిసారి దువ్వింది నేనే.

ఈరోజే బ్యాంకుకి నేరుగా ఉత్తరం రాసి పడేశాను. నీకు శ్రమ లేకుండా. ఏమని రాశానో చెబుతాను, విను:

"అయ్యా, ఈ టైలరు నాకు బాకీ లేడు. ఎన్నడూ లేడు. ఆ మూడు వందలు నేను ప్రేమగా ఊరికే ఇచ్చినవి. ఆయన పంపిన చొక్కాలు ఆయన ప్రేమగా పంపినవి. మా మధ్య వడ్డీ అన్న మాటే లేదు."

ఎలా ఉంది? మా కోడలు చదివి "చాలా బాగా రాశారు మావయ్యా" అంది. ఇక ఫైలు పరిగెత్తుతుంది చూడు.

మూడు వందలు తిప్పి పంపాను. ఈసారి పోస్టుమాన్ ఏమీ అనలేదు. చొక్కా ఏదీ?

గర్వంతో,
దువ్వెన

*

దువ్వెనకు,

ప్రియమైన అని రాయడం లేదు.

బ్యాంకు కుర్రాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో నేను అప్పుందన్నాను. ఒకదాంట్లో నువ్వు అప్పే లేదన్నావు. "తాతగారూ, లేని అప్పు చెప్పారా, ఉన్న అప్పు ఎగ్గొట్టారా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. షాపులో ముగ్గురు గిరాకీలున్నారు.

ఫైలు అడుగున పెట్టేశాడు. అమ్మాయి నాతో మాట్లాడడం లేదు. నేను మామూలుగానే మాట్లాడను గనక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

నువ్వు వడ్డీ తిన్నవాడివి కాకుండా బయటపడ్డావు. నన్ను మాత్రం ఊరికే పుచ్చుకున్నవాణ్ణి చేశావు. నేను ఊరికే పుచ్చుకోలేదు. ఒక్క ఏడూ తప్పలేదు. నా పెళ్ళాం ఆసుపత్రిలో ఉన్న ఏడు కూడా మంచం పక్కన కూర్చుని నీ చొక్కాకి కాజాలు కుట్టాను.

ఊరికే ఇచ్చావంటే ఆ మిషను నాది కాదు. నాది కానిది కూతురికి ఎలా ఇస్తాను?

మూడు వందలు మళ్ళీ పంపుతున్నాను. వెనక్కి పంపితే మళ్ళీ పంపుతాను. ఇలాగైతే పోస్టు ఖర్చే మూడు వందలు దాటుతుంది.

సూది

*

ప్రియమైన సూదికి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, ప్రియమైన అని.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. జవాబు రాయలేకపోయాను. ఇక్కడ నా పరువు పోయింది. ముందు అది చెబుతాను.

నీ చొక్కా రాలేదు గనక బజారుకెళ్ళి రెడీమేడ్ కొన్నాను. ఇంటికొచ్చి తొడిగితే కుడివైపు ఎగిరింది, ఎడమవైపు తడితువ్వాలులా జారింది. షాపుకి పోయి "ఇదేం కుట్టు?" అన్నాను. ఇంకోటి ఇచ్చాడు. అదీ అంతే. వేరే కంపెనీది ఇచ్చాడు. అదీ అంతే. "మీ ఊళ్ళో కత్తెరలన్నీ వంకరేనా?" అని అరిచాను. ఆ కుర్రాడు నన్నే చూస్తున్నాడు, చొక్కాని కాదు.

సరే, దాంతోనే కాలేజీకి వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ. కాసేపటికి కుర్చీ అటు జరుపుకుంది. ఇంకాసేపటికి ఇంకా జరుపుకుంది. ఆఖరికి "ఏమండీ, కాస్త నిటారుగా కూర్చుంటారా, మీద పడుతున్నారు" అంది. నేను నిటారుగానే కూర్చున్నాను! మనవరాలు బహుమతి అందుకుంటున్న ఫోటోలో మూలన నేను, ఆవిడ మీదికి ఒరుగుతున్నట్టు.

ఇంటికొచ్చి చొక్కాని తిడుతుంటే కోడలు మెల్లగా అంది, "మావయ్యా, చొక్కా సరిగ్గానే ఉంది. వంకర మీ భుజంలో ఉంది."

అద్దం ముందు చొక్కా విప్పి నిలబెట్టింది. చూశాను. కుడిభుజం పైన, ఎడమభుజం కింద. తూకం చెడ్డ తక్కెడలా ఉన్నాను. జీవితమంతా కుడిచెయ్యి గాల్లో పెట్టుకుని తలలు కత్తిరిస్తే ఇంకెలా ఉంటాను? బతుకంతా అద్దం ముందే నిలబడ్డానే, ఎప్పుడూ కనబడలేదే అనుకున్నాను. అప్పుడు తట్టింది. అద్దం ముందు ఎప్పుడూ నీ చొక్కాతోనే ఉన్నాను.

కత్తి తీసి నీ పాత చొక్కాల భుజాలు విప్పాను. ఎడమవైపు లోపల, కాలరుకి వేసే కాన్వాసు ముక్క మడతపెట్టి కుట్టి ఉంది. పాతదాంట్లో ఒక మడత. తర్వాతి దాంట్లో రెండు. పోయినేడాది దాంట్లో నా వేలంత మందం. ఏటికేడు పెంచుకుంటూ పోయావు. చక్రవడ్డీ లాగా.

ఎందుకు చెప్పలేదురా నాకు?

దువ్వెన

*

ప్రియమైన దువ్వెనకు,

చెబితే గిరాకీ ముందు చెయ్యి లేపడానికి సిగ్గుపడేవాడివి. చెయ్యి లేపకపోతే నీకు కూడు లేదు. అందుకని చెప్పలేదు.

పుణ్యానికి చేశాననుకోకు. ప్రేమ అని బ్యాంకుకి రాయకు. అది వడ్డీ. కడుతున్నప్పుడు సరిగ్గా కట్టాలి. గుడ్డముక్క పారేసి వడ్డీ కట్టేశానంటే కుదరదు.

విప్పిన భుజాలు ఎండలో పెట్టకు, కాన్వాసు ముడుచుకుంటుంది.

నెలాఖరుకి ఇంక వారమే ఉంది.

సూది

*

ప్రియమైన సూదికి,

నీ ఉత్తరం అందిన గంటలో ఇది రాస్తున్నాను. బ్యాంకుకి రిజిస్టరు పోస్టు చేసి వచ్చాను. ఈసారి కోడలికి చూపించలేదు. నా మాటల్లోనే రాశాను:

"అయ్యా, పోయినసారి నేను రాసింది తప్పు. ఈ టైలరుకి నేను మూడు వందలు అప్పిచ్చాను. అసలు ముట్టింది. వడ్డీ కూడా ముట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు తిన్నాను, ఒంటి నిండా తిన్నాను. ఇంత వడ్డీ మీ బ్యాంకు ఏనాడూ ఎవరి దగ్గరా వసూలు చేసి ఉండదు. ఇక ఆయన నాకు బాకీ లేడు. మిషను ఆయనదే."

సంతకం పెట్టాను. రాదనుకున్న చెయ్యి వచ్చింది. మా నాన్న ఉంటే నా గడ్డానికి కూడా వేరే డబ్బా తీసేవాడు. తీస్తే తీసుకోనీ. నాన్నకి ఇలాంటి వడ్డీ ఎవరూ కట్టలేదు పాపం.

మూడు వందలు ఉంచుకున్నాను. "తాతయ్యా, దీంతో ఏం కొంటావ్?" అంది మనవరాలు. ఒకప్పుడు మిషనులో సగం ధర అది. ఇద్దరం హోటలుకెళ్ళి తలో ఐస్‌క్రీమూ తిన్నాం. చిల్లర తీసుకుని బయటికొచ్చాక, నీ అప్పు ఐస్‌క్రీమై కరిగిపోయిందని చెప్పాను. దానికి అర్థం కాలేదు. రెండోది కావాలంది.

ఇక అసలు సంగతి. అమ్మాయి పేరున తొమ్మిది వందలు పంపుతున్నాను. నాకో చొక్కా కావాలి. ఇది వడ్డీ కాదు, బాకీ కాదు, ప్రేమ అసలే కాదు. కూలి. పుచ్చుకోమను. భుజం సంగతి మాత్రం పిల్లకి చెవిలో చెప్పు.

బరువు తగ్గినవాడు,
దువ్వెన

*

ప్రియమైన దువ్వెనకు,

బ్యాంకు కుర్రాడు నీ కాగితం రెండుసార్లు చదివాడు. "తాతగారూ, ఇలాంటి అప్పు నాక్కూడా ఒకటి ఇప్పించండి" అన్నాడు. ఫోటో తీశాడు. అమ్మాయి నవ్వింది. నేను నవ్వుదామనుకునేలోపు తీసేశాడు.

మిషన్లు వచ్చాయి. యూనిఫారాల పని మొదలైంది. అమ్మాయి నాతో మాట్లాడుతోంది. బాగా ఎక్కువగా మాట్లాడుతోంది.

నీ తొమ్మిది వందలూ పుచ్చుకుంది. రసీదు చింపి ఇచ్చింది. తర్వాత కొలతల పుస్తకమంతా వెతికి, "నాన్నా, బాబాయి కొలతలేవి? ఇన్ని చొక్కాలు కుట్టావు, ఒక్క పేజీ కూడా లేదేంటి?" అంది.

నిజమే, లేదు. నీకు నేనెప్పుడూ టేపు పెట్టలేదు. పెడితే అంకె పైకి చెప్పాలి. ఒక భుజం ఒకటి, ఇంకో భుజం ఇంకొకటి. నువ్వు వినేవాడివి. అందుకని నా మొహానికి నురగ పూస్తున్నప్పుడు నీ అద్దంలోంచి చూసి కళ్ళతోనే కొలుచుకునేవాణ్ణి. గడ్డం గీయించుకునేటప్పుడు కళ్ళు మూసుకోవేంరా అని విసుక్కునేవాడివి.

ఇప్పుడు కళ్ళు ఆనడం లేదు. దాచడానికీ ఏం లేదు. ఆదివారం బస్సెక్కి రా. అమ్మాయి టేపు పెట్టి అంకెలు గట్టిగానే చెబుతుంది. నేను రాసుకుంటాను. నువ్వు కదలకుండా నిలబడు, చాలు.

సూది