మునిలక్ష్మక్క చెప్పిన పేజీ

జూన్ 3, మదనపల్లె
మా వెబ్ డిజైన్ ఆఫీసు మహేష్ సార్ నాకు మొదటి వెబ్‌సైట్ ఇచ్చారు. పుంగనూరు మునిలక్ష్మక్క టమోటా నర్సరీ. ఇది నిలబడితే ఉద్యోగం పర్మనెంట్. డిజైన్ బాగుండాల, కంటెంట్ యాడనుంచన్నా తెచ్చి పెట్టు అన్నారు. ఇంకో నర్సరీ సైట్‌లోని మాటలు తెచ్చి పేరు మార్చాను. పైన స్లైడర్‌లో ఫొటోలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే ముచ్చటేసింది. మా ఇంట్లో బడికెళ్ళింది నేనొక్కదాన్నే. అమ్మ స్క్రీన్ తడిమి చూసింది.

జూన్ 9
సైట్ చూసి అక్కకు ఒక్క ఫోన్ రాలేదు.

జూన్ 12, సాయంత్రం 4
ఫోన్ కాదు, సైట్ చూసి అక్క నర్సరీకి మనిషే వచ్చాడట. కుప్పం రైతు లక్ష్మీపతి, రెండు బస్సులు మారి, క్యాప్సికం నారు కోసం. అక్క ఎప్పుడూ క్యాప్సికం పెంచలేదు. నేను తెచ్చిన మాటల్లో ఉంది. చదవకుండానే పెట్టాను. చదువుకున్నదాన్ని!

అక్క ఆయనకు సంగటి పెట్టి పంపి, నాకు ఫోన్ చేసింది. తిట్టలేదు. నాకు సదువు రాదు గదమ్మా, నా పేరు కింద ఏం రాసినావో వచ్చి సదివి సెప్పు, నచ్చకపోతే తీసేద్దాం అంది.

జూన్ 13, పుంగనూరు
చదివాను. నాణ్యతే మా ప్రాణం అన్నచోట అక్క పకపకా నవ్వింది. ఎవురమ్మా ఈ యమ్మ, నేనైతే కాదు అంది.

రోజంతా అక్క పక్కనే నిలబడ్డాను. వచ్చిన ప్రతి రైతునూ ముందు అడిగేది ఒకటే, నీ బోరు ఎంతసేపు పోస్తాదప్పా అని. గంటలోపైతే నారు ఇవ్వదు. వాన పడినాక రా, ఇప్పుడు తీస్కపోయి సంపుకుంటావా అంటుంది. ఇచ్చే ముందు రెండు రోజులు నారుకు నీళ్ళు తగ్గిస్తుంది. ఈడ ముద్దు సేస్తే పొలంలో ఏడుస్తాది అంది. మొక్క లాగి వేళ్ళు చూపిస్తుంది. వేళ్ళ చుట్టూ మట్టికి బదులు వేసిన కొబ్బరిపొట్టు రాలిపోతే ఆ నారు ట్రే అమ్మదు.

పిల్లనిచ్చేదానికి గూడా ఇన్ని అడగరు గదమ్మా అని ఓబులప్ప అనే పెద్దాయన గొణిగాడు. గొణుగుతూనే పది ట్రేలు ఎక్కించుకున్నాడు.

ఇంత తెలిసిన మనిషి ఉండగా నేనెక్కడో వెతికాను.

జూన్ 15
స్లైడర్ తీసేశాను. అక్క మాటలు అక్క చెప్పినట్టే పెట్టాను. అన్నిటికంటే పైన: ఇక్కడ క్యాప్సికం దొరకదు. ఇది అమ్మే పేజీనా, తరిమే పేజీనా అన్నారు సార్. నెలాఖరు దాకా చూద్దామన్నారు.

జూన్ 24
వాల్మీకిపురం, గంగవరం, పెద్దతిప్పసముద్రం. అక్కకు పదకొండు ఫోన్లు. హలో అనకముందే మా బోరు మూడు గంటలు పోస్తాదక్కా అంటున్నారట. సార్ ఆ పేజీని ఆఫీసులో అందరికీ చదివి వినిపించారు. నాకు పర్మనెంట్.

జూన్ 28
లక్ష్మీపతి ఈసారి బస్సెక్కలేదు, అక్కకు ఫోన్ చేశాడట. పేజీ సదివినా, మా బోరు ముప్పావుగంటే పోస్తాది, ఇప్పుడు నారు వద్దక్కా అన్నాడట. ఆ పేజీ తనకు ఇంకోసారి చదివి వినిపించమంది అక్క.